బతికిన ఎర్రకాయ

నా బంగారు తండ్రీ మణీ, తుపానులో చిక్కిన నీ బోటు పారాదీప్‌లో ఒడ్డెక్కిందని విన్నప్పటి నుంచి నా కాళ్ళు నేలమీద నిలవడం లేదు. నీ ఫోను సముద్రంలో పడిపోయిందట, అందుకే ఈ కార్డు.

అంతకుముందు, మీ ఇద్దరి బోట్ల కబురూ తెలియక ఇంట్లో ఉండలేక నేనూ వరహాలు మామయ్యా బస్సెక్కి నర్సీపట్నం క్లబ్బులో పచ్చీసు పోటీకి వెళ్ళాం. ఆట మధ్యలో అంపైరు ఫోను అందుకుని వచ్చి చెప్పాడు, నీ బోటు చేరిందని, మామయ్య కొడుకు నానాజీ ఎక్కిన బోటు జాడ మాత్రం తెలియలేదని. నేను లేవబోయాను.

"కూసో బావా. మజ్జిలో లెగిస్తే ఓడిపోయినట్టే" అన్నాడు మామయ్య.

తర్వాత నేను గవ్వలు వేస్తే, ఆ పందేనికి నా కాయ సరిగ్గా అతని ఎర్ర లక్కకాయ మీదికే వచ్చింది. కాయని కొట్టినవాడు 'చచ్చింది' అని పైకి అనాలని అక్కడ రూలు. అనకపోతే ఆ కాయ బతికినట్టే. నేను ఆ మాట అనకుండా గవ్వలు అతని వైపు జరిపాను.

"అనవేటి బావా?"

"నాను అనను రా."

ఆ కాయే చివరి గడి చేరి పండి మామయ్య గెలిచాడు. కప్పు బల్ల మీదే వదిలేసి, కాయని పిడికిట్లో పట్టుకుని బస్సెక్కాడు. క్లబ్బువాళ్ళెవరూ అడగలేదు.

తుపానులో తగిలిన నీ కాలి దెబ్బ మానిందా? వేళకి తింటున్నావా? రేవులో రోజూ నానాజీ బోటు గురించి అడుగు. మీ అమ్మ వీధంతా మిఠాయి పంచుతానంటే నేనే ఆపాను. బేగి రా. వచ్చాక ముందు వాళ్ళింటికి వెళ్ళి మామయ్య పక్కన కాసేపు కూర్చో. ఆ కాయ ఇంకా అతని పిడికిట్లోనే ఉంది.

నూరేళ్ళు బతకరా అయ్యా, మీరిద్దరూ.

మీ నాన్న