ఆరో భాగం చివరి కాగితం

జూన్ 8, 2025. ఆదివారం

'ఉప్పురాజ్యం' ఆరో భాగం ఎట్టకేలకు నా చేతికొచ్చింది. సిరీస్‌కి ఇదే ఆఖరు. మారేడ్‌పల్లి అద్దె లైబ్రరీలో నాకంటే ముందు పన్నెండు మంది చదివేశారు.

ఆ లైబ్రరీ విజయమ్మ గారిది. అక్కడ ఒక పద్ధతి ఉంది. ప్రతి పుస్తకం చివర ఒక తెల్లకాగితం అంటిస్తారు. చదివినవాళ్లు అందులో అభిప్రాయం రాయాలి. పెన్సిల్‌తోనే. పేరు రాయకూడదు, కార్డు నంబరు మాత్రమే వేయాలి. నేను కథకంటే ముందు ఆ కాగితమే చూస్తాను.

అందరూ తిట్టారు. యుద్ధం ఏదని ఒకరు. ఆరు వందల పేజీల వేదాంతం ఎవడడిగాడని ఇంకొకరు. అయిదు భాగాలు కత్తి దూసిన రాజు ఇందులో పడవెక్కి, గెలిచిందెవరు అని పడవవాణ్ణి అడుగుతూ కూర్చున్నాడట.

207వ కార్డు రాత మాత్రం కనిపించలేదు.

జూన్ 9

207 ఆడో మగో నాకు తెలియదు. సన్నటి, పక్కకు వాలిన అక్షరాలు. ఎనిమిదేళ్లుగా తెలుసు. మూడో భాగంలో రాణి చనిపోతే 'అన్యాయం' అని రాశాను. దాని కింద 207, 'అన్యాయమే. అట్లని మీరు అన్నం మానెయ్యకండి' అని రాసింది. నేను నిజంగానే ఒక పూట మానేశాను. విడాకులయ్యాక నా తిండి గురించి పట్టించుకున్నది ఆ పెన్సిలు ఒక్కటే. అప్పటి నుంచి జవాబు చూడ్డానికే చదివిన పుస్తకాన్ని మళ్లీ తెచ్చుకుంటున్నాను.

పోయినేడు లైబ్రరీలో కంప్యూటర్ పెట్టి నంబర్లన్నీ మార్చేశారు. నా 418 ఇప్పుడు 93. ఆ 207 ఏమయిందో తెలియదు. రాతను బట్టి పోల్చుకోవాలి.

జూన్ 12. ఉదయం 8.40, మెట్రో

140వ పేజీ. ఒక్క ముక్క అర్థం కావడం లేదు. బేగంపేట స్టేషన్ దాటిపోయి, ఇప్పుడు వెనక్కి వెళ్తున్నాను. ఆఫీసుకి లేటే.

జూన్ 15. ఆదివారం

అయిపోయింది. పడవవాడు నవ్వాడు, పుస్తకం ముగిసింది.

కాగితం మీద ఆఖరున 61 అనే ఆయనో ఆవిడో రాసిన మాట ఉంది. 'నాకు అర్థం కాలే. ఎవరన్నా చెప్తే బాగుండు.' ఒకటో తరగతి పిల్లల్లాగా పెద్ద పెద్ద వంకర అక్షరాలు. ఎందుకో ఒళ్లు మండింది. కింద ఇలా రాశాను: 'అర్థం కానివాళ్లకి బొమ్మల పుస్తకాలు ఎడమవైపు రాక్‌లో ఉన్నాయి. 93.'

207 చూస్తే నవ్వుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే 207 కోసమే రాశాను. నాకూ అర్థం కాలేదన్న సంగతి మాత్రం రాయలేదు.

జూన్ 29. ఆదివారం

మళ్లీ తెచ్చుకున్నాను. నా మాట కింద ఎవరో 'సూపర్ రిప్లై' అని రాశారు. 207 కాదు. సంతోషం కలగలేదు.

ఉండబట్టలేక పాత 207 ఇప్పుడు ఏ నంబరని విజయమ్మ గారిని అడిగాను. గట్ల చెప్తే నా దుకాణం ఇజ్జత్ పోతదమ్మా అన్నారు. నేను కదలలేదు. కాసేపు నా మొహం చూసి, ఏందమ్మా గింత పరేషాన్ అయితున్నవ్ అని కంప్యూటర్ తెరిచారు.

61.

జూన్ 30

ఆఫీసుకి వెళ్లలేదు. పొద్దున్నే మళ్లీ లైబ్రరీకి వెళ్లి, చేసిన పని విజయమ్మ గారికి చెప్పేశాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన పేరు యెషయా. సైనిక్‌పురిలో ఉంటారు, స్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేశారు. జనవరిలో పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయిందట, చూపు కూడా మసకైందట. భార్య దేవకృప గారు చదివి వినిపిస్తారు. అభిప్రాయం మాత్రం నేనే రాస్తనని ఎడమచేత్తో రాశారట. జవాబు వచ్చిందేమోనని రెండోసారి తెప్పించుకున్నారట. ఆవిడే చదివి వినిపించి ఉంటారు. సార్ ఇంక చదవనంటుండు అని పోయిన వారం కార్డు వాపస్ ఇచ్చి వెళ్లారట.

ఆ పెద్ద పెద్ద అక్షరాలు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. నాకు సిగ్గుగా ఉంది.

జూలై 6. ఆదివారం

సైనిక్‌పురి వెళ్లాను. నేను 418 అని చెప్పాను. ఆయన సగం మొహంతో నవ్వారు. మాట ముద్దగా వస్తుంది, దేవకృప గారు విడమరిచి చెప్పారు. 418 ఉంటే నన్ను గట్ల అననియ్యకపోతుండె అన్నారట. ఆ 93 ఎవరని నన్నే అడిగారు. తెలియదన్నాను.

వచ్చేటప్పుడు ఫోన్ నంబరు రాసిపొమ్మని దేవకృప గారు పెన్సిల్ ఇచ్చారు. పేరు, నంబరు రాశాను. ఆవిడ ఆ రాతను చూసి, నన్ను చూశారు. గేటు దాకా వచ్చి, ఆ 93 సంగతి నేను సార్‌కు చెప్పనమ్మా, ఆయనకు ఇంక మిగిలిన దోస్తు 418 ఒక్కతే అన్నారు. నాకు గొంతు సుత నొస్తున్నది, ఆదివారం ఆదివారం నువ్వే వచ్చి చదువు అన్నారు.

బస్సులో ఏడ్చాను.

జూలై 13. ఆదివారం

ఆరో భాగం తీసుకెళ్లి నలభై పేజీలు చదివాను. ఈడ రాజు ఏమంటున్నడని ఆయన అడిగారు. నాకూ అర్థం కాలేదండీ అన్నాను. 93 నేనేనని కూడా అన్నాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆయన ఎడమచేత్తో పుస్తకం మూసి, మొదటి పేజీ నుంచి మళ్లీ చదవమన్నారు.