శుక్రవారం చేతికిచ్చిన పైసలు

కరీంనగర్, 1998. శనివారం రాత్రి.

నా కొడుకు శంకర్‌కు మూడు క్రెడిట్ కార్డులున్నాయి. గడువులోపు కడితే మిత్తి ఉండదు, పైగా బహుమానాలొస్తాయి. వంటింట్లో కుక్కర్ అట్లా వచ్చిందే. ఇంతవరకు ఒక్క పైసా మిత్తి కట్టలేదని అందరికీ చెప్పుకుంటాడు. నిన్న డ్యూటీకి పోతూ, "బాపూ, గీ కార్డు పైసలు ఇయ్యాల్నే బ్యాంకుల కట్టు" అని నా చేతిలో పెట్టాడు.

శుక్రవారం పూట లక్ష్మిని ఇంట్లోంచి ఎట్లా పంపను? దేవుని పటం ముందు ఉంచి, ఈరోజు పోయి కట్టాను.

"నిన్ననే ఆఖరు గదా పెద్దాయనా. మొత్తం పైసల మీద మిత్తి పడ్తది" అన్నాడు బ్యాంకాయన.

సాయంత్రం శంకర్ అడిగాడు. "కట్టినవా బాపూ?"

"కట్టిన."

"నీకిచ్చినంక నాకేం ఫికర్" అని నవ్వాడు.

ఏ రోజు కట్టానో అడగలేదు. చెప్పుదామని ఇందాక శంకర్ గది దాకా పోయాను. లైటు ఆర్పేసి ఉంది.

రేపు ఆదివారం. రోజంతా ఇంట్లోనే ఉంటాడు.