వాగు ఒడ్డున ఐదు గుంటల జాగా

ఖమ్మం జిల్లా టేకులపల్లి మండలంలో వాగు దాటితే వచ్చే ఊరి నివాసిని, జూనియర్ కాలేజీ పౌరశాస్త్ర అధ్యాపకురాలిని, గాదె శ్యామల అను నేను, వయస్సు నలభై ఏడు, వచ్చే వారం ఆపరేషన్‌కు వెళ్తూ, ఎవరి బలవంతమూ లేకుండా, స్థిరబుద్ధితో రాసి ఇస్తున్న వీలునామా. బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు రాసిచ్చాడు. నాకంత నమ్మకం లేదు గాని, ఆయన ముద్ర ఉంది.

1. నా పుస్తకాలు, బీరువా సహోద్యోగి ఆతియాకు. ఈ వీలునామా అమలుచేసే బాధ్యతా ఆమెదే. నీలం శాలువా కూడా తీసుకోవాలి. స్టాఫ్ రూములో వణుకుతూనే చలి లేదంటుంది.

2. ఇంట్లో నా వాటా తమ్ముడు బాలకృష్ణకు. నలభై నాలుగేళ్ళ వయసొచ్చినా ఇప్పటికీ అతడే మండల యువజన సంఘం అధ్యక్షుడు. ఏటా జనవరిలో నాచేత రాయించుకునే "దేశ నిర్మాణంలో యువత పాత్ర" ఉపన్యాసమూ అతనికే. "నేటి యువత" అన్నచోట చెయ్యి తన ఛాతీమీద పెట్టుకోరాదు.

3. వాగు ఒడ్డున నా స్వార్జితమైన ఐదు గుంటల జాగాను బాలకృష్ణ యువజన భవనానికి అడుగుతున్నాడు. "యువతకు ఓ వేదిక గావాలె గదక్కా" అంటాడు. ఏటా వానలకు ముందు మా పక్క తండా పిల్లలు వాగుమీద తాటి మొద్దులు పరిచి కట్టే దారి ఆ జాగాలోనే దిగుతుంది. వానాకాలంలో దవాఖానాకైనా కాలేజీకైనా మాకదే దిక్కు. భవనం లేస్తే అది మూతపడుతుంది. వంతెన మంజూరైందని తమ్ముడు ప్రతి ఎన్నికలకూ చెప్తాడు.

కనుక సదరు జాగా సర్వహక్కులతో తండాకు చెందిన జమ్లికి. ఇంటర్‌లో నా విద్యార్థిని. ఒకసారి పరీక్షకు తడిసిన లంగాతో ఆలస్యంగా వచ్చి, దేశ నిర్మాణంలో యువత పాత్ర ప్రశ్న వదిలేసింది. ఆ పొద్దున వరదకు కదిలిన మొద్దును సర్ది, నొప్పులు పడుతున్న మనిషిని దాటించి వచ్చిందట. సున్నా వేశాను. ఇప్పుడైనా వేస్తాను, జవాబు రాయలేదు కదా. మీ తండా పిల్లలే దేశాన్ని కడుతున్నారని నేను మెచ్చుకుంటే, "ఊకోండ్రి మేడం, అవుతలికి పోవద్దా ఏంది?" అని నవ్వింది.

వీళ్ళు మొద్దులు వేస్తున్నంతకాలం వంతెన ఎవరూ వెయ్యరేమోనని నా అనుమానం. అది తీరేదాకా వాగు ఆగదు. షరతు ఒక్కటే: దారి మూయకూడదు. పక్కా వంతెన వచ్చాక జమ్లి అక్కడ ఏమైనా కట్టుకోవచ్చు, నా విగ్రహం తప్ప.

4. బాలకృష్ణ దీన్ని సవాలు చేయదలిస్తే కోర్టు కొత్తగూడెంలో ఉంది. వానలు మొదలయ్యాయి కాబట్టి ఆ మొద్దుల మీదుగానే వెళ్ళాలి. భయపడకుండా నడవమనండి. పిల్లలు గట్టిగానే కట్టారు.

తేదీ: 25-06-2007
(సంతకం) గాదె శ్యామల

సాక్షులు:
సోహైల్, కాలేజీ లైబ్రేరియన్
రామక్క, పక్కింటి నివాసి