పిలవని పేరంటానికి రెండు టికెట్లు

నోవీ సాద్,
అక్టోబరు చివరి ఆదివారం.

మహారాజశ్రీ తాతయ్య రాదివోయేగారి దివ్య సముఖానికి,

మనవరాలు నెవెంకా చేయి ముద్దాడి, ఆనవాయితీ తప్పకుండా బుగ్గల మీద మూడు ముద్దులు పెట్టి చేసుకునే విన్నపం. ఇక్కడ నేను క్షేమం. పక్కవాటా వాళ్ళ పిల్లి నాకన్నా క్షేమం. రెండు బళ్ళ మధ్య సగం సగం పంచుకున్న నా భూగోళం పంతులమ్మ ఉద్యోగం కూడా సగం సగం క్షేమం. అక్కడ నువ్వూ, నాన్నమ్మా, నీ కుడి మోకాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోను ఉండగా మళ్ళీ ఇంత పొడుగు ఉత్తరమేమిటని నీకు అనుమానం వస్తుంది. ఫోనులో అయితే వాదన ఓడిపోతున్నావని తెలియగానే "హలో, హలో, ఏమీ వినపడటం లేదు" అంటూ పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయడం కుదరదు. అందుకే దీన్ని మీ ఊరి బస్సు నడిపే జ్వోంకో చేతికిచ్చి పంపుతున్నాను, ఉన్ని మేజోళ్ళ పొట్లంతో సహా. మేజోళ్ళు ఇప్పుడే తొడుక్కోకు. ఉత్తరం చదవడం పూర్తయ్యేసరికి నీకు ఎలాగూ ఒళ్ళంతా వేడెక్కుతుంది.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. నీ కిందటి ఉత్తరంలో నాలుగు ప్రశ్నలూ, వాటికి రెట్టింపు తిట్లూ ఉన్నాయి. తిట్లు భద్రంగా అందాయి.

"మనం దిగే చోట రెండు కిటికీల మధ్య గాలి కొడుతుందా?" అన్నావు. కొట్టదు. మన దేశంలో యుద్ధాల్లో పోయినవాళ్ళకన్నా ఎదురెదురు కిటికీల గాలికి పోయినవాళ్ళే ఎక్కువన్న నీ సిద్ధాంతం నేను మరిచిపోలేదు. బస్సులో ఎవడైనా కిటికీ తెరిస్తే నీ తరపున నేనే లేచి అరుస్తాను. "పొద్దున్నే వేడి సూపు దొరుకుతుందా?" అన్నావు. మనుషులు కాపరముండే ఊరే తాతయ్యా, దొరుకుతుంది. అయినా కోడిని వేయించి, గుడ్లు ఉడకబెట్టి, రొట్టె గుడ్డలో చుట్టి ఇవ్వందే నాన్నమ్మ మనల్ని గడప దాటనిస్తుందా? బస్సు ఊరి పొలిమేర దాటకముందే నువ్వు కోడికాలు బయటికి తీస్తావు. బస్సులో జనమంతా మనల్ని తిడుతూనే గుటకలు మింగుతారు.

"ఫోటోలో నీ వేళ్ళు అంత నల్లగా ఉన్నాయేం, సిగరెట్లు మొదలెట్టావా?" అనీ, "వసంతకాలం ఉండగా ఈ ముసురు నవంబరే ఎందుకు?" అనీ ఇంకో రెండు అడిగావు. ఈ రెంటికీ జవాబు కాస్త దిగువన ఉంది. ఇప్పుడే కిందికి చూడకు. చూస్తున్నావు. నాకు తెలుసు.

ఇక ప్రయాణం సంగతి. ఈస్టర్ నాడు గుడ్డుకి గుడ్డు కొట్టే పందెంలో నీ గుడ్డు పగిలింది, నాది నిలిచింది. నా గుడ్డు చెక్కదని నువ్వు చేసిన ఆరోపణ నేటికీ రుజువు కాలేదు. ఓడినందుకు నువ్వే అందరి ముందూ ప్రకటించావు: "సైన్యం నుంచి వచ్చాక నేను ఏ పట్నమూ సరిగ్గా చూడలేదు. మూడు రోజులు ఎక్కడికైనా తీసుకెళ్ళు పిల్లా. ఊరు నీ ఇష్టం, ఖర్చు నా ఇష్టం." ఆ మాటకి కట్టుబడి నేనొక ఉన్నతస్థాయి సంఘం వేశాను. అధ్యక్షురాలు నేను. సభ్యురాలు పైన చెప్పిన పిల్లి.

సంఘం అన్ని ఊళ్ళనీ నిష్పక్షపాతంగా విచారించింది. నీ పాస్‌పోర్టు గడువు తీరి ఎన్నాళ్ళయిందో అందులోని నీ మీసం నలుపే చెబుతుంది. కొత్తది తీసుకోమంటే, "ఎక్కడికీ వెళ్ళనివాడికి అదెందుకు?" అంటావు. దాంతో సోఫియా, తెస్సలోనికి, తిమిశ్వారా కొట్టుకుపోయాయి. గుర్తింపు కార్డు జేబులో వేసుకుని వెళ్ళగలిగేవి నాలుగు మిగిలాయి. సరాయెవోకి కొండల్లో రోజంతా బస్సు. నీ మోకాలు దారిలోనే దిగిపోతానంటుంది. పోద్గొరిత్సా దారిలో మలుపులు ఎక్కువ. నాన్నమ్మ కోడి నీ కడుపులో నిలవదు. తిరానాకి మధ్యలో బస్సు మారాలి, రెండో టికెట్టుకి నువ్వు డబ్బు తియ్యవు. మిగిలింది ఒక్కటే. మనకి దగ్గర. బస్సు చౌక. కాఫీ చౌక. పాత బజారులో కబాబు మన ఊళ్ళోకన్నా చౌక. అంతా శాస్త్రీయం. పిల్లి కూడా చెయ్యెత్తి ఓటేసింది.

స్కోప్యే.

ఉత్తరం బల్ల మీద పడేశావు కదూ? తియ్యి. కాఫీ మరక తుడిచి చదువు.

ఆ ఊరి పేరు ఎత్తితే మన ఇంట్లో చెంచాలు కూడా చప్పుడు చెయ్యడం మానేస్తాయని నాకు తెలుసు. "ఆ బ్లాగోయా నోరు తెరిచి పిలిస్తే తప్ప ఆ ఊరి గాలి కూడా పీల్చను" అని నువ్వు ఒట్టు పెట్టుకుని ఎనిమిదేళ్ళు. మారిబోర్ దండులో సైనికులుగా మీరిద్దరూ కలిసి బంగాళదుంపలు చెక్కారు. మీ పెళ్ళిలో నీ పక్కన సాక్షిగా నిలబడింది ఆయన. నాన్నకి పేరు పెట్టింది ఆయన. మనలో అలాంటివాణ్ణి కూమ్ అంటారు, కూమ్‌తో తగువు దేవుడితో తగువంత అని నాకు చిన్నప్పుడు చెప్పింది కూడా నువ్వే. అలాంటి కూమ్‌తో నువ్వు తెంచుకున్నది పొలం గట్టు కోసం కాదు, రాజకీయం కోసం కాదు. పచ్చడి కోసం.

ఆ పూట నేనూ బల్ల దగ్గరే ఉన్నాను. మన ఇంటి స్లావా పండుగ. ఇంటి వేల్పుకి దీపం వెలిగించి, రొట్టె కోసి, అందరూ తింటున్నారు. ఆయన స్కోప్యే నుంచి ఒడిలో పెట్టుకుని తెచ్చిన ఆయ్‌వార్ పచ్చడి సీసా మూత తీశావు. రొట్టె ముక్కకి రాశావు. నమిలావు. మన లెస్కోవత్స్ మిరపకాయల గర్వమంతా నీ మీసాల్లోకి వచ్చింది.

"బాగుంది కూమ్," అన్నావు. "ఏ కొట్లో కొన్నావు?"

"కొట్లోనా?"

"ఇంత నున్నగా చేత్తో రాదులే. మిషనుది. అయినా మిరపకాయ అంటే మాది, మీది కాదు."

"రాదివోయే, మా ఆవిడ మూడు రోజులు పొయ్యి దగ్గర నిలబడింది."

"కొట్టు పొయ్యేమో!"

బల్లంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. లేచి, టోపీ పెట్టుకుని, మెడలో మన ఇంటి తుండుగుడ్డ అలాగే వేలాడుతుండగా వెళ్ళిపోయాడు. ఆ గుడ్డ మీద నాన్నమ్మ కుట్టిన ఎర్ర పువ్వులున్నాయి. అప్పటినుంచీ ఆమె దగ్గర ఆరు తుండుగుడ్డల జతలో ఐదే ఉన్నాయి.

సరే, ఇక దిగువకి వచ్చేశాం. గుండె చిక్కబట్టుకో. రాకియా ఒక్క గుక్క వేసుకో, ఒక్కటే.

నా వేళ్ళ నలుపు సిగరెట్లది కాదు తాతయ్యా. కాల్చిన మిరపకాయల పొట్టుది. సెప్టెంబరులో నేను స్కోప్యే వెళ్ళి వచ్చాను. చౌక గది వెతకడానికని వెళ్ళాను, అది అబద్ధం కాదు. పాత బజారు వెనక ఒక గది చూశాను కూడా. కానీ నేను వస్తున్న సంగతి బ్లాగోయా ఇంటావిడ వాంగెలియా మామ్మకి ముందే తెలిసిపోయింది. ఎలా తెలిసిందంటే, ప్రతి ఆదివారం నువ్వు కాఫీ హోటల్లో చదరంగం ఆడుతున్న వేళలో మన ఇంటి ఫోనూ ఆయన ఇంటి ఫోనూ ఎనిమిదేళ్ళుగా మాట్లాడుకుంటూనే ఉన్నాయి. ఈ సంగతి నేను చెప్పినట్టు నాన్నమ్మతో అనకు. అసలు ఈ రెండు వాక్యాలూ చదవనే లేదనుకో.

వాంగెలియా మామ్మ బస్సు స్టాండుకే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. బ్లాగోయా పెరట్లో పొయ్యి ముందు కూర్చుని మిరపకాయలు తిప్పుతున్నాడు. ఊతకర్రలు ఇప్పుడు రెండయ్యాయి. తుంటికి ఆపరేషన్ జరిగి, మెట్లు దిగడానికే ఎవరో ఒకరు కావాలట.

"ఎవరే ఈ పిల్ల?" అన్నాడు.

"రాదివోయే మనవరాల్ని," అన్నాను.

ఒక కాయ తిప్పాడు. ఇంకో కాయ తిప్పాడు.

"ఆ ముసలి గాడిద ఇంకా బతికే ఉందా?"

"ఉంది. మీ గురించీ ఇదే మాట అడుగుతూ ఉంటుంది."

"అడుగుతాడా?" అంటూ గబుక్కున ఇటు తిరిగాడు. చేతిలో కాయ మాడిపోయింది. "ఎప్పుడు? ఏమని అడుగుతాడు?"

"చెప్పాను కదా, గాడిద ఉందా అని."

"ఊఁ," అన్నాడు. ముఖం మాత్రం ఎవరో బహుమానం ఇచ్చినట్టు పెట్టాడు. "కూర్చో. పొట్టు తియ్యి. మేం కొట్లో కొంటామో లేదో నీ గోళ్ళనే అడుగు."

పొద్దుగూకేదాకా పొట్టు తీశాను. బాణలి ముందు నిలబడి తెడ్డు తిప్పాను, మోచేతులు ఊడొచ్చాయి. గది చూసుకున్నానని చెబితే, "ఏం, నా ఇంటికి నిప్పంటుకుందా? ఊళ్ళో కూమ్ ఉండగా అద్దె గదా? ఆ మాట బయట అనకు, నన్ను ఊళ్ళో తలెత్తుకోనివ్వరు" అని అరిచాడు. ఆ గదికి అక్కడితో సరి. కాబట్టి మన ప్రయాణంలో బస ఖర్చు లేదు. సంఘం హర్షం వెలిబుచ్చింది.

చివర్లో వాంగెలియా మామ్మ బీరువా తెరిచి ఎర్ర పువ్వుల తుండుగుడ్డ తీసింది. ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. "నువ్వు పట్టుకుపో తల్లీ, వాళ్ళ జత తెగింది" అంది. ఆయన కర్ర నేల మీద కొట్టాడు.

"పెట్టు లోపల! పిల్ల చేత పంపుతారా? నేను పట్టుకెళ్ళి ఇద్దామంటే కాళ్ళు లేవు. కావలసినవాడు వచ్చి తీసుకుంటాడు."

తాతయ్యా, ఆ మనిషి ఇక లెస్కోవత్స్ రాలేడు. పిలవనూ పిలవడు, నీలాగే మొండిఘటం. అందుకే నవంబరు.

మన బస్సు ఏడో తారీఖున. తిరుగుబస్సు తొమ్మిదిన. మధ్యలో ఎనిమిది. ఎనిమిది అంటే పునీత దిమిత్రి పండుగ. వాళ్ళ ఇంటి స్లావా. స్లావాకి ఎవరినైనా పిలిచావా అని మన వీధిలో కొత్తగా కాపరానికి వచ్చినవాళ్ళు అడిగితే నువ్వేమన్నావో గుర్తుందా? "పిలిస్తే అది పెళ్ళి. స్లావాకి పిలవరు. దీపం వెలుగుతుంది, తలుపు తెరిచి ఉంటుంది, దారి తెలిసినవాడు వస్తాడు." మీసం దువ్వుకుంటూ మరీ అన్నావు. ఇప్పుడు చెప్పు. ఆ రోజున బ్లాగోయా నిన్ను పిలిస్తే తప్పు. పిలవకపోతే మర్యాద. నీ ఒట్టుకి ఆ ఒక్క రోజు సెలవు. వచ్చినవాణ్ణి వెనక్కి పంపే అధికారం ఆయనకీ లేదు.

క్షమాపణ ఎలా చెప్పాలని దిగులు పడకు. నేను బాగా ఆలోచించాను. గడపలో నిలబడి అనాల్సిన మాటలు "స్లావా శుభంగా జరగాలి, కూమ్." అంతే. తర్వాత మూడు ముద్దులు. అందులో క్షమాపణకి ఎవరూ చోటు వదల్లేదు. మన పెద్దలు నీలాంటివాళ్ళని చూసే ఈ ఆచారం పెట్టి ఉంటారు.

ఇంకొక్క మాట మిగిలింది. రాయాలా వద్దా అని మూడుసార్లు కాఫీ కాచుకున్నాను. ఆ రాత్రి భోజనంలో వేడి రొట్టె మీద ఆ ఆయ్‌వార్ వేసుకుని, పక్కన తెల్ల జున్ను పెట్టుకుని తిన్నాను. నా చేత్తో పొట్టు తీసిన కాయలే. కొట్టు లేదు, మిషను లేదు. తాతయ్యా, అది మనదానికన్నా బాగుంది. ఉత్తరం చింపకు, వెనకవైపు బస్సు వేళలు రాశాను. కొంచెమే బాగుంది. ఇంత వెల్లుల్లి వేస్తారు, అదే తేడా అనుకుంటాను. నువ్వు వచ్చి తిని, కాదని చెప్పు, ఒప్పుకుంటాను. రాకుండా చెబితే ఒప్పుకోను.

స్లావాకి ఖాళీ చేతులతో వెళ్ళకూడదు కదా. వైన్ వద్దు, కాఫీ పొట్లం వద్దు. ఈ ఏడాది మనం చేసిన ఆయ్‌వార్‌లో మంచి సీసా ఒకటి ఏరి పెట్టు. ఆరో తారీఖు సాయంత్రానికి నేను దిగుతాను. నాన్నమ్మ రాదు, బస్సు పేరు చెబితేనే ఆవిడకి కడుపులో తిప్పుతుంది. కానీ వాంగెలియా మామ్మకి ఇవ్వమని అల్లిన శాలువా ఒకటి దిండు కింద ఉంది. అదీ నేను చెప్పలేదు.

నువ్వు రానంటావేమో. నీ ఇష్టం, పెద్దవాడివి. ముసలాణ్ణి బలవంతంగా బస్సెక్కించేంత పాపం నేను మూటకట్టుకోను. అప్పుడు నీ సీసా పట్టుకుని నేనొక్కదాన్నే వెళతాను. శుభం చెప్పి, ముద్దులు పెట్టి, ఆయన బల్ల మీద, ఊరంతా చూస్తుండగా మూత తీస్తాను. ఆయన రొట్టెకి రాసుకుని, నమిలి, "ఇది ఎక్కడిదే?" అంటాడు.

"లెస్కోవత్స్‌లో కొన్నాం బ్లాగోయా తాతయ్యా," అంటాను. "కొట్లో."

ఇట్లు,
ఈస్టర్ గుడ్డు పందెం నెగ్గిన,
నీ చేతుల్లో పెరిగిన, నీ నోరే వచ్చిన మనవరాలు
నెవెంకా