మొదటి సాసర్

హుస్సేనీ ఆలం

తమ్మీ ఎల్లేష్,

ఫోన్ ఎత్తుతలేవు, గందుకే రాస్తున్న. నాటకాలాడే బిడ్డ నాకొద్దని సుజనతోని మాట బంద్ చేసినవు. నీ బిడ్డ ఏసిన ముసలమ్మ వేషం గురించి పేపర్ల రాసిండ్రు, చదివినవా? "ఇంత చిన్న వయసులో ఆ వృద్ధురాలిని ఎక్కడి నుంచి తెచ్చిందో!" అని ఒకటే మెచ్చుకున్నరు. ఎక్కడికెల్లి తెచ్చిందో నేను చెప్త విను.

నిన్న పోయి చూసిన. స్టేజి మీద సుజన నడుం పట్టుకొని మెల్లగ కూసున్నది. చాయ్ సాసర్ల పోసి ఊదింది. తాగలే. పక్కకు తిరిగి, ఎవ్వరు లేని దిక్కు సాసర్ చాపింది. "అమ్మా!" అని గట్టిగనే అన్న. అందరు నా దిక్కే చూసిండ్రు.

ఫలక్‌నుమా ఇంట్ల అమ్మ పోయిననాడు సుజన అంగన్‌వాడీ పిల్ల. ఎప్పుడు చూసిందో, ఇన్నేండ్లు ఎట్ల దాచుకున్నదో! నాకైతే మస్తు పరేషాన్‌గున్నది.

అమ్మ మొదటి సాసర్ ఎవరికిచ్చేదో నీకు యాదున్నది గద. నాకెన్నడు ఇయ్యలే.

ఆదివారం దాంక ఆడుతరు. బిడ్డ మీద కోపముంటె ఉండనీ. అమ్మ సాసర్ చాపుకొని కూసున్నది తమ్మీ, వచ్చి అందుకో.

నీ అక్క