లావు అక్షరాల డబ్బా

జూన్ 3
తాడేపల్లిగూడెం వెళ్లొచ్చాను. క్రీము తయారుచేసే సునీత గారు నా లేబుల్ చూసి పెదవి విరిచారు. ముఖానికీ చేతులకీ రాసుకునే క్రీము, ఆడా మగా ఎవరైనా కొనుక్కోవాలి — ఆవిడ పట్టు అదే. నేను వేసిన సన్నటి వంపుల అక్షరాలు "పెళ్లికూతురి గోరింటాకులా ఉన్నాయండీ" అట. పదేళ్లు శుభలేఖలు వేసిన చెయ్యి మరి, అలవాటు ఎక్కడికి పోతుంది.
ఈ పని పోతే ఏలూరులో నన్ను మళ్లీ పిలిచేవాళ్లు లేరు. భయంగా ఉంది.

జూన్ 5
ఐదు ఫాంట్లు చూశాను. ఒకటి ఆడవాళ్ల పౌడరు. ఒకటి గడ్డం సబ్బు. మిగతావి ఏవీ కావు...

జూన్ 8
లావు అక్షరాలు. తోకల్లేవు, వంపులు తక్కువ. తెల్ల డబ్బా మీద ముదురాకుపచ్చ. సునీత గారు ఫోన్లో — "ఇదీ కావలసింది. మా ఆయన కూడా అడిగి రాసుకున్నారు." హమ్మయ్య.
ఎక్కడో చూసిన అక్షరాల్లా ఉన్నాయి. ఎక్కడో గుర్తు రావడం లేదు.

జూన్ 12
శాంపిల్ డబ్బాలు పది ఆకివీడు బస్సులో వేశాను. ఏసుబాబు బాబాయి అక్కడ చేపల చెరువుల దగ్గర కాపలా. నీళ్లలో నానే చేతులు, ఎండకి మాడే ముఖాలు — మగవాళ్లు ముట్టుకుంటారో లేదో అక్కడే తేలుతుంది. బాబాయికి వివరంగా చెప్పే తీరిక లేకపోయింది.

జూన్ 15
బాబాయి ఫోను. "నీ డబ్బాలు మందుల అరలో పెట్టేనమ్మా. చెరువు మందే కదా?"
నవ్వాను. బాబాయికి చదువు రాదు, అక్షరం లావు చూసి గుర్తుపడతాడు. చెరువు మందుల మీద అన్నీ ఇలాంటివేనట. ముఖానికి రాసుకునే క్రీము బాబాయ్, పదిమందికీ ఇవ్వు, అన్నాను.
ఫోను పెట్టేశాక నవ్వు రాలేదు.

జూన్ 16
ఆకివీడు. గట్టు మీద బాబాయి పాక. అరలో తెల్ల డబ్బాలు వరసగా, ఆకుపచ్చ లావు అక్షరాలు. నాదే అనుకుని ఒకటి తీసి మూత తిప్పాను. ముక్కు మండిపోయింది, కళ్లలో నీళ్లు. చెరువు మందు. ఆ అక్షరాలు వేసినదాన్ని, నేనే పొరబడ్డాను.
"నువ్వు చెప్పేక, చెరువు పనిలోకొచ్చే వెంకటలక్ష్మిని ఒకటి తీసుకోమన్నానమ్మా. నిన్న పుట్టింటికెళ్తా తనే అరలోంచి తీసుకుంది. ఇంకెవరికీ ఇవ్వలేదు."
నా డబ్బాలు లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. పదీ అక్కడే ఉన్నాయి.
అంటే ఆ పిల్ల పట్టుకెళ్లింది మందు. బాబాయినడిగి ఆ పిల్ల నంబరుకి చేశాను.
ఫోను స్విచాఫ్. పుట్టిల్లు కొల్లేట్లో ఏదో లంక, ఊరి పేరు బాబాయికి తెలీదు. వాసనకే పారేస్తుందిలే అంటాడు. పారేస్తుందా? మంట పుడితేనే మందు పనిచేస్తుందనేవాళ్లం కదా మనం.

జూన్ 17
సునీత గారు — "రేపు ప్రింటింగుకి ఇచ్చేస్తున్నానండీ." ఆపమన్నాను. అంతా చెప్పేశాను.
"ఏవండీ, ఆ అమ్మాయికి ఏమన్నా అయిందా?"
తెలీదన్నాను.
"అయితే తెలిశాక చూద్దాం. ప్రింటింగు ఇప్పుడు ఆపలేనండీ."
ప్రభువా అని మొదలుపెట్టి, ఏం అడగాలో తెలీక ఊరుకున్నాను.

జూన్ 18
ఫోను కలిసింది. ఎవరో పెద్దావిడ. వెంకటలక్ష్మి ఉందాండీ అన్నాను.
"పడుకుందమ్మా. మూడు రోజుల్నించి ముఖాన గుడ్డ తియ్యట్లేదు. ఇంతకీ నువ్వెవరమ్మా?"
పెట్టేశాను. ఏ లంకో కూడా అడగలేదు.