టిఫిన్ డబ్బా మీద పుట్టిన పాట

సుధాకర్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళ్టి శుక్రవారం ఆరాధనలోనే నీ జ్ఞాపకార్థం మన రాక్ అండ్ రోల్ పాటే పాడారు. "సుధాకరన్నకి దేవుడు కలలో ఇచ్చిన పాట" అని పాస్టరుగారు చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఏ కల? ఈ ఒమాన్ దేశంలో, నిజ్వా ఊళ్లో డ్యూటీ దిగి ఆసుపత్రి బస్సులో వస్తూ, నేను టిఫిన్ డబ్బా మీద దరువేస్తే పుట్టిందది. మాటలు నావి, వరస నాది. నువ్వు గిటారు వాయించావు, అంతే.

మొదటిసారి పాడినప్పుడు సంఘపెద్దలు "ఇది క్లబ్బు పాట" అని కసిరారు. నువ్వు వెంటనే సాక్ష్యం చెప్పడానికి లేచి, దేవుడే కలలో వినిపించాడన్నావు. దేవుడి పేరెత్తాక ఇంకెవరు నోరెత్తుతారు? పాట బతకాలని నేనూ గట్టిగా "ఆమెన్" అన్నాను, బుద్ధిలేక.

తర్వాతైనా నిజం చెబుతావనుకున్నాను. ఎక్కడో ఉన్న సోహార్ ఊరి దాకా ప్రతి కూటంలోనూ ఆ కలే చెప్పుకు తిరిగావు. అడిగితే "మహిమ దేవుడిదే కదా సిస్టర్" అని నవ్వావు. మరి శాలువాలు నీకెందుకు కప్పారు?

ఇవాళ నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ముందు వరసలో మీ ఆవిడ కూర్చుని ఉంది. అయినా నేను ఆగలేదు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చాను కాబట్టి డబ్బా సంచిలోనే ఉంది. మైకు ముందు దరువేసి, బస్సు సంగతి, నీ కల సంగతి, అన్నీ చెప్పేశాను.

ఒక్కరూ "ఆమెన్" అనలేదు. పాస్టరుగారు బైబిలు మూసేశారు. నేను దిగి వస్తుంటే అప్పుడు వినిపించింది, ఒకే ఒక్క "ఆమెన్".

మీ ఆవిడది.